చప్పుడు చెయ్యని పెట్టె

ఆ వేసవిలో మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదంటే మా నాన్నని ఎరిగినవాళ్ళు నమ్మరు. బతుకంతా నూలు మిల్లులో పనిచేసిన మనిషి ఆయన. ఆ యంత్రాల హోరులో పక్కవాణ్ణి మంచినీళ్ళు అడగాలన్నా గొంతు చించుకోవాల్సిందే. మిల్లు మానేశాడు గానీ ఆ గొంతు మానలేదు. మూడో అంతస్తులో మా నాన్న గుసగుసలాడితే కింది అంతస్తువాళ్ళు జవాబు చెప్పేవారు. అలాంటి మనిషి నోటికి నేను తాళం వేశాను.

నేను గొంతు అమ్ముకుని బతికేదాన్ని. పాఠాలూ, ప్రకటనలూ చదివి రికార్డు చేసే స్టూడియోలో పని. ఎండలు ముదరకముందే ఆ స్టూడియో మూతపడింది. ఇంటికొచ్చే జీతం నాదొక్కటే. నాన్నకి మిల్లు ఇచ్చేది కరెంటు బిల్లుకే సరిపోయేది కాదు, తమ్ముడికి చదువింకా పూర్తవలేదు. అమ్మ కుట్టుమిషను మీద ఎంత తొక్కినా అది చేతిఖర్చే.

అప్పుడే వినే పుస్తకాలు చేసే కంపెనీ ఒకటి నా నమూనా అడిగింది. ఇంట్లోనే కూర్చుని ఒక అధ్యాయం చదివి పంపాలి. నచ్చితే ఏడాది పొడుగునా పని. తమ్ముడి పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చదివి పంపాను. రెండు రోజులకి ఆ కంపెనీ ఆవిడ ఫోన్ చేసింది.

"గొంతు చాలా బావుందండీ. కానీ మీరు ఏ పిండిమరలో కూర్చుని చదివారు?"

"మా ఇంట్లోనేనండీ."

"అయితే ఇంట్లో పిండిమర ఆపి మళ్ళీ పంపండి. నెలాఖరు దాకా చూస్తాం. ఆ తర్వాత వేరేవాళ్ళు ఉన్నారు."

ఆ పిండిమర ల్యాప్‌టాప్ ఫ్యానే అని తమ్ముడు తేల్చాడు. "కొత్తది కొన్నా ఇంతే అక్కా. సన్నటి డొక్కలో చిన్న ఫ్యాను పెడతారు, అది అరవక ఏం చేస్తుంది? విడిభాగాలు కొని డెస్క్‌టాప్ మనమే అసెంబుల్ చేద్దాం. చప్పుడు చెయ్యనివి ఏరుకోవచ్చు."

స్టూడియోవాళ్ళిచ్చిన ఆఖరి జీతం అమ్మ దగ్గరుంది. దాన్ని రెండు భాగాలు చేసి ఒకటి నా చేతిలో పెట్టింది. "మిగతాది వంటింటిది. దీంతో పెట్టె కడతారో మేడ కడతారో మీ ఇష్టం. మళ్ళీ నన్నడగొద్దు."

తమ్ముడు కాగితం మీద రాసుకొచ్చిన మొదటి వస్తువు గ్రాఫిక్స్ కార్డు. రెండోది రంగురంగుల దీపాలు వెలిగే ఫ్యాన్లు.

"ఇదెందుకురా? నేను చదివేది పుస్తకం."

"ముందు ముందు పనికొస్తుంది."

"ఎవరికి?"

వాడు కాగితం మడత పెట్టాడు. అమ్మ కుట్టుమిషను దగ్గర్నుంచే అంది, "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె."

మనసులో ఏమున్నా, తమ్ముడు చెప్పడం మాత్రం బాగా చెప్పాడు. పెట్టెలో వేడెక్కే ప్రతి వస్తువుకీ ఓ ఫ్యాను కావాలి, ప్రతి ఫ్యానూ ఓ చప్పుడు. కాబట్టి వేడెక్కనివే కొనాలి. ప్రాసెసర్ నెమ్మదిదైనా ఫరవాలేదు. బొమ్మ చూపించే పని కూడా అదే చేసుకుంటే కార్డు అక్కర్లేదు. ఈ మాట చెప్పేటప్పుడు వాడి మొహం చూస్తే జాలేసింది. లోపల గిరగిరా తిరిగే పాతకాలం డిస్కు అసలే వద్దు, కదలకుండా పనిచేసేది కావాలి. పెట్టె గోడలు మందంగా ఉండాలి. అందరూ వేగం కొనుక్కునే దుకాణంలో మేం నిశ్శబ్దం బేరమాడబోతున్నాం అని అప్పుడు నాకర్థమైంది.

నేనూ వస్తానని నాన్న బయల్దేరాడు. మిల్లు నాటి పనిముట్ల డబ్బాలోంచి పొడుగాటి స్క్రూడ్రైవరొకటి తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఆ దుకాణదారు ఏది అడిగినా "సర్దుకుపోతుందండీ" అనేవాడు. అందుకే మా తమ్ముడి స్నేహితులంతా ఆయన్ని సర్దుబాటు అని పిలిచేవారు. ఫ్యాన్లు చూపించమంటే ఓ డబ్బా తెచ్చి బల్ల మీద కుమ్మరించాడు.

"ఏదైనా ఒకటేనండీ. సర్దుకుపోతుంది."

"ఏదీ, తిప్పు!" అన్నాడు నాన్న. దుకాణంలో ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడి తిరిగి చూశారు.

సర్దుబాటు ఓ ఫ్యానుకి కరెంటు కలిపాడు. నాన్న స్క్రూడ్రైవరు మొన దాని చట్రానికి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టి కళ్ళు మూసుకున్నాడు. మిల్లులో బేరింగు పోయిందో లేదో అలాగే వినేవారట. తను చెవి పెట్టాకే యంత్రం విప్పేవారని ఆయన చాలాసార్లు చెప్పాడు, మేం ఆవలిస్తూ విన్నాం.

"గరగరలాడుతోంది. ఇంకోటి."

ఇంకోటి పెట్టాడు. "ఇది మూలుగుతోంది. ఇంకోటి."

డబ్బా సగం ఖాళీ అయ్యేసరికి సర్దుబాటుకి తల ప్రాణం తోకకొచ్చింది. "పెద్దాయనా, మీరు ఫ్యాను కొంటున్నారా, నాడి చూస్తున్నారా?"

"రెండూ ఒకటే" అని నాన్న వెడల్పాటి నల్ల ఫ్యానొకటి పక్కన పెట్టాడు. "ఇది మంచి మనిషి."

పవర్ సప్లై కూడా అలాగే ఏరాడు. వేడెక్కేదాకా తన ఫ్యాను తిప్పనే తిప్పని రకం అది. పెట్టె మాత్రం ఎవరో వాడి వదిలేసింది, పక్కన చొట్ట పడింది, ఇద్దరు మొయ్యాల్సినంత బరువు. ఇవన్నీ కొనేసరికి ర్యామ్ రెండు ముక్కలనుకున్నది ఒక్కటే వచ్చింది. "సర్దుకుపోతుంది" అన్నాడు సర్దుబాటు. ఆ ఒక్కసారి ఆయన అన్నది నిజమే.

తిరిగొచ్చేటప్పుడు పెట్టె మోసింది నేనూ తమ్ముడూ. ఒట్టి చేతులతో మెట్లెక్కుతున్న నాన్న మాత్రం ప్రతి మలుపులో ఆగాడు. "మోకాళ్ళు" అన్నాడు కటకటాలు పట్టుకుని. కొన్నాళ్ళుగా ఆ మాట వింటూనే ఉన్నాం.

నేల మీద దుప్పటి పరిచి తమ్ముడు అన్నీ బిగించాడు. ప్రాసెసర్ గాడిలో పెట్టేటప్పుడు వాడి నుదుటి చెమట ఎక్కడ బోర్డు మీద పడుతుందోనని అమ్మ కొంగుతో తుడుస్తూ కూర్చుంది. ఒక్క పిన్ను వంగినా మళ్ళీ కొనే తాహతు లేదు. మీట నొక్కాడు. చప్పుడు లేదు. నాన్న ముందుకొచ్చి తనూ నొక్కాడు. ఇంకా చప్పుడు లేదు.

"అయిపోయింది. బూడిదలో పోసిన పన్నీరు" అంది అమ్మ.

"నాన్నా, అది మొదటిసారికే వెలిగింది. నువ్వు ఆర్పేశావు" అన్నాడు తమ్ముడు.

మళ్ళీ నొక్కితే తెర వెలిగింది. పెట్టెకి చెవి ఆనించినా ఏమీ వినపడలేదు. ఆ వేసవిలో మేం నలుగురం పగలబడి నవ్వింది అప్పుడొక్కసారే.

మర్నాటి నుంచి ఇల్లు నా ఆజ్ఞలో నడిచింది. మధ్యాహ్నం ఎండకి వీధి సొమ్మసిల్లి పడుకునే వేళే నా పని వేళ. కిటికీలకి బొంతలు కట్టాం. పైన ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి. పాలు రెండుసార్లు విరిగాయి. అమ్మ తన కుట్టుపని పట్టుకుని కింది అంతస్తుకి వెళ్ళేది, తమ్ముడు లైబ్రరీకి పోయేవాడు. నాన్న మాత్రం లోపలి గదిలో మంచం మీదే ఉండేవాడు. ఆ గదికీ నేను చదివే గదికీ మధ్య చెక్క గోడ.

"నువ్వూ కిందికి వెళ్ళకూడదా నాన్నా?"

"దిగితే మళ్ళీ ఎక్కాలిగా. చీమ చిటుక్కుమంటే నన్నడుగు. గుడ్లప్పగించి పడుకుంటాను."

నిజంగానే కదిలేవాడు కాదు. ఒకసారి దగ్గు వస్తే నేను విసుగ్గా చదవడం ఆపి గోడ మీద వేలితో కొట్టాను. ఆ తర్వాత దగ్గు కూడా రాలేదు.

రెండో నమూనా పంపాను. ఆవిడ ఈసారి మర్నాడే ఫోన్ చేసింది. "ఎంతో నయం. కానీ అడుగున ఏదో ఉందండీ. దూరంగా ఎవరో రంపంతో కోస్తున్నట్టు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినేవాళ్ళకి అది ముల్లులా గుచ్చుకుంటుంది. ఇంకొక్కసారి పంపండి. ఇక ఇదే ఆఖరు."

ఫోన్ పెట్టేసి ఆ మాట ఇంట్లో చెప్పాను. నాన్న స్క్రూడ్రైవరు తెచ్చి, నేల మీద చతికిలబడి, పెట్టె పొడుగునా చెవి పెట్టి వింటూ వచ్చాడు. కింది మూల దగ్గర ఆగాడు.

"ఇక్కడేదో తిరుగుతోంది. తిరిగేది వద్దనుకున్నాం కదా?"

తమ్ముడి మొహంలో కత్తివేటుకి నెత్తుటి చుక్క లేదు. పెట్టె విప్పితే వాడి పాత డిస్కు బయటపడింది. దాన్నిండా ఆటలే. మేం చూడకుండా లోపల బిగించేశాడు.

"ఈ ఇంటి తిండి నీ ఆటలకంటే తక్కువైందా?" అన్నాను.

"అంత చప్పుడు చెయ్యదనుకున్నాను..."

"అనుకున్నావా? అనుకోవడానికి నీ బాబు సొమ్మా అది?"

"అక్కా, ఈ ఇంట్లో నువ్వొక్కదానివే కష్టపడుతున్నట్టు మాట్లాడకు!"

"చాల్లే ఇద్దరూ" అని అమ్మ మధ్యకొచ్చింది. వాడు డిస్కు ఊడదీసి మంచం మీదికి విసిరేసి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు. దీపాలు పెట్టాక తిరిగొచ్చి పడుకున్నాడు. దొంగ దొరికాడు కదా అని నా కడుపు చల్లబడింది.

మర్నాడు కాస్త చదివి విని చూసుకున్నాను. రంపం అలాగే ఉంది.

అప్పుడు నాకు నిజంగా భయమేసింది. వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. తమ్ముడు రోషం పక్కనపెట్టి వచ్చి విన్నాడు. పవర్ సప్లై సన్నగా ఏడుస్తోందేమో, అలాంటివి ఉంటాయన్నాడు. సర్దుబాటు దగ్గరికి పరిగెత్తితే ఆయన విప్పి వాడిన సరుకు తిరిగి తీసుకోనన్నాడు. ఇంకోటి కొనాలంటే వంటింటి డబ్బు తియ్యాలి. అమ్మ డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. అందులో చెయ్యి పెట్టనూ లేదు, మూత వెయ్యనూ లేదు.

"ఆగండి" అన్నాడు నాన్న. "కొనేముందు ఒకసారి నన్ను విననివ్వండి."

"స్క్రూడ్రైవరుతో విన్నావుగా" అన్నాను.

"పెట్టెని విన్నాను. రికార్డుని వినలేదు."

హెడ్‌ఫోన్లు ఆయన చెవులకి తగిలించి వినిపించాను. కళ్ళు మూసుకుని, తల కాస్త వంచి, యంత్రాన్ని వింటున్నట్టే విన్నాడు. కాసేపటికి కళ్ళు తెరిచాడు. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టమని వేలితో సైగ చేశాడు. రెండోసారి వింటున్నంతసేపూ నోరు గట్టిగా మూసుకునే ఉన్నాడు.

"ఏంటి నాన్నా? పవర్ సప్లయేనా?"

"కాదు." ఎవరూ చెప్పకుండానే ఆయన మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. "పెట్టె మంచిదే. దాన్ని విప్పకండి, డబ్బు తగలెయ్యకండి. రేపు చదువు. అది రాదు."

"ఏది రాదు? ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పవేం?"

"రాదన్నానా? ఇన్నేళ్ళు మిల్లులో చేశాను, ఆ మాత్రం తెలీదా?" అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఏ కొళాయో, ఏ కిటికీ రెక్కో కనిపెట్టి ఉంటాడు, పొద్దున్నే బిగిస్తాడు అనుకున్నాం.

మర్నాడు నెలాఖరు. బొంతలు కట్టిన గది పొయ్యిలా ఉంది. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు, బట్ట రాపిడి కూడా మైకులో పడుతుంది. అధ్యాయం చివర్లో ఊపిరి సలపనివ్వని పొడుగాటి పేరాలున్నాయి. ఒక్క తప్పు లేకుండా చదివాను. నా బతుకులో అంత బాగా ఎప్పుడూ చదవలేదు.

వెంటనే విన్నాను. రంపం లేదు. వాక్యం తర్వాత వాక్యం, కడిగిన పలకలా ఉంది. నాన్న చెప్పిందే నిజమైందని ఏడుపొచ్చినంత పనైంది.

తమ్ముడు వచ్చి శబ్దాన్ని తెర మీద గీతల్లా పరిచి పరీక్షగా చూశాడు. "ఒకటుంది అక్కా. ఇదిగో, నువ్వు పేరాకీ పేరాకీ మధ్య ఆగినచోట." పెంచి వినిపించాడు. అదే రంపం. "నువ్వు చదువుతున్నంతసేపూ లేదు. నువ్వు ఆగినప్పుడే. మంచిదేలే, ఖాళీల్లోనే ఉంది కాబట్టి కోసిపారేస్తాను. అక్కడ ఒట్టి గది చప్పుడు అతికిస్తే ఎవరికీ తెలీదు. నిన్నటిదాకా మాటల కిందుండేది, అప్పుడైతే ఏమీ చెయ్యలేకపోయేవాళ్ళం."

"ఏ యంత్రమైనా, నేనెప్పుడు ఆగుతానో దానికెలా తెలుసురా?"

వాడు నా వైపు చూశాడు.

వాడి చేతిలోంచి మౌస్ తీసుకుని అధ్యాయం మొదటికి వెళ్ళాను. మొదటి ఖాళీల్లో రంపం చిన్నది. పోనుపోను పెద్దదైంది. చివరి పొడుగు పేరాల తర్వాత అది రంపంలా కూడా లేదు, నీళ్ళలో మునిగినవాడు పైకి తేలి గాలి కోసం నోరు తెరిచినట్టుంది. ఆ చప్పుడు నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ పక్కగదిలోంచి వింటూనే ఉన్నాను. మేం దానికి గురక అని పేరు పెట్టుకున్నాం. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాం.

లోపలికి వెళ్ళేసరికి నాన్న మంచం అంచున కూర్చుని ఉన్నాడు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పెదవులు నల్లబడ్డాయి.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"వచ్చిందా?"

"రాలేదు నాన్నా."

"చెప్పా..." అని తన మామూలు గొంతుతో అనబోయాడు. మాట మధ్యలో తెగిపోయింది. మిగతా సగం అనడానికి రెండుసార్లు గాలి తీసుకోవాల్సొచ్చింది. "చెప్పానా, లేదా?"

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"మోకాళ్ళ..."

"నాన్నా."

తల దించుకున్నాడు. "మెట్లెక్కితే కాస్త. మిల్లులో అందరికీ ఉండేదే. ఇన్నేళ్ళు దూది నుసి మింగాం కదా."

"నిన్న విన్నప్పుడే చెప్పొచ్చు కదా?"

"ఏమని చెప్పను? దుకాణమంతా వెతికించి, నీ తమ్ముణ్ణి అన్ని మాటలనిపించి, ఆఖరికి ఆ చప్పుడు నేనేనని చెప్పనా? సిగ్గేసిందమ్మా."

నేను మంచం పక్కన నేల మీద కూలబడ్డాను. ఏడుస్తున్నానని తెలిసి నన్ను నవ్వించాలని చూశాడు. "కష్టమేం కాలేదు. నువ్వు ఆగబోయేముందు గొంతు కాస్త కిందికి దిగుతుంది. అక్కడ గాలి తీసుకునేవాణ్ణి. ఆ చివరి పేరాలు ఎవడు రాశాడో గానీ, చంపేశాడు."

తమ్ముడు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "పంపొద్దక్కా" అన్నాడు. "ఇది పంపొద్దు."

"నోర్ముయ్యరా" అన్నాడు నాన్న. "ఇంత కష్టపడి బిగబట్టింది పారేస్తారా? కోసి పంపించు."

వాడు పెట్టె ముందు కూర్చున్నాడు. నేను కిందికి పరిగెత్తి అమ్మని పిలుచుకొచ్చాను. ఇద్దరం చెరోవైపు పట్టుకుని నాన్నని మెట్లు దింపాం. మలుపు మలుపులో ఆగాం. ఈసారి ఎవరూ మోకాళ్ళ మాట ఎత్తలేదు. తెరిచిన తలుపులోంచి మౌస్ నొక్కుతున్న చప్పుడు మొదటి మలుపుదాకా మాకు వినపడుతూనే ఉంది. తమ్ముడు నాన్న ఊపిరిని ఒక్కొక్కటే కోసి పక్కన పెడుతున్నాడు. ఆ ముక్కలేవీ చెరిపెయ్యలేదని, విడిగా దాచిపెట్టాడని తర్వాత చెప్పాడు. ఆ పని నాకు వచ్చింది, ఈ రోజుకీ దాంతోనే మా ఇల్లు నడుస్తోంది. ఆ సాయంత్రం మాత్రం అది ఎవరికీ గుర్తు లేదు.

డాక్టరు చిన్న వయసు ఆవిడ. నాన్నని బల్ల మీద కూర్చోబెట్టి, చొక్కా పైకెత్తి, వీపు మీద గొట్టం ఆనించింది.

"ఎప్పట్నుంచమ్మా ఈ ఆయాసం?"

"సరిగ్గా తెలీదండీ" అని నేను మొదలుపెట్టాను. "నూలు మిల్లులో పనిచేశారు. దూది విడదీసే విభాగంలో. మెట్లెక్కలేకపోతుంటే మోకాళ్ళనుకున్నాం. రాత్రిళ్ళు గురక అనుకున్నాం..."

"పెద్దాయనా, గట్టిగా ఊపిరి పీల్చండి" అంది డాక్టరు.

"దగ్గు కూడా వచ్చేదండీ, ఈ మధ్యే ఆగింది..."

"పీల్చండి." గొట్టం ఇంకోచోట పెట్టింది. "పీల్చమంటున్నాను కదా? ఏంటిది, అసలు పీల్చడమే లేదు?"

అమ్మ కంగారుగా నాన్న భుజం పట్టుకుంది. నేను ఆయన మొహంలోకి చూశాను. పెదవులు గట్టిగా బిగించి, కళ్ళు నా నోటి మీదే పెట్టి కూర్చున్నాడు.

నేను మాట్లాడటం ఆపాను. అప్పుడు పీల్చాడు.